రాజావారి చిలకకు దిష్టి

గువ్వలకొండ రాజావారికి ఒక్కో ఏడు ఒక్కో పిచ్చి. పోయినేడు పావురాలు. ఈ ఏడు ఇంగ్లీషులో ఈసడించడం.

ఆ పిచ్చి అంటించినవాడు మార్కండేయులు. చెన్నపట్నంలో దొరల చిత్రశాలలన్నీ తిరిగొచ్చానంటాడు. నడి వేసవిలో కూడా కోటు విప్పడు. ఏ బొమ్మ చూపించినా ముక్కు చిట్లించి, ముందు ఒక ఇంగ్లీషు మాట విసిరి, తర్వాత దయతలచి దానికి తెలుగు చెబుతాడు.

"ఇది వల్గర్! అంటే మోటు, ప్రభూ. అది గాడీ! అంటే జాతర రంగులు."

రాజావారు మురిసిపోయారు. మెచ్చుకోవడం మొరటువాళ్ల పని, తెగడడమే అభిరుచి అని తేల్చేశారు. కొలువులో ఇకమీదట 'భేష్' అనకూడదన్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే వంటవాళ్లు ఒకరి పులుసును ఒకరు 'క్రూడ్' అనుకున్నారు. దివాన్‌గారు మేడమీద నిలబడి, ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి, "మీడియోకర్" అని పెదవి విరిచారు.

ఒక్క రాజావారి చిలకను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అది వారు స్వహస్తాలతో గీసి సింహాసనం పక్కనే తగిలించుకున్న బొమ్మ. మార్కండేయులు రోజూ దాని ముందు నిలబడి కళ్లు తుడుచుకునేవాడు.

"సబ్లైమ్! దీనికి తెలుగులో మాటే లేదు ప్రభూ."

అంతవరకూ నవ్వులాటగానే ఉంది. ఒకనాడు మార్కండేయులు కొలువుకూటం గోడ ముందు ఆగాడు. గోడంతా పెద్ద రాజావారి ఊరేగింపు బొమ్మ. ఏనుగులు, గొడుగులు, అన్నిటికీ చివర సన్నాయి ఊదుతున్న ఒకాయన, బుగ్గలు బూరెల్లా పొంగి.

"హిడియస్! ఆ చివరివాడైతే గ్రొటెస్క్! వికారం ప్రభూ, వికారం! గోడంతటికీ సున్నం కొట్టించి తెల్లగా వదిలేయండి. అదీ టేస్టంటే."

"రేపే కొట్టించండి" అన్నారు రాజావారు.

పక్కనున్న వరహాలమ్మ హారతిపళ్లెం కింద పెట్టేసి గోడవైపు తిరిగింది.

రాజావారిని ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె. వారు కొలువుకు వస్తే హారతి ఇవ్వాలి, లేస్తే దిష్టి తీయాలి. ఈమధ్య మతిమరుపు పట్టుకుంది. దిష్టి మిరపకాయలు గుప్పిట్లోనే ఉంచుకుని ఇల్లంతా వెతుకుతుంది. ఆ సన్నాయి ఊదేవాడు ఆమె మొగుడు. పోయి చాలాకాలమైంది. ఒకప్పుడు కళ్లు మూసుకుంటే ఆ ముఖం కనిపించేది. ఇప్పుడు కనిపించడం మానేసింది. అందుకే పొద్దున్నే వచ్చి గోడమీద చూసుకుపోతుంది. సున్నం పడితే ఆయన రెండోసారి పోయినట్టే.

మర్నాడు సున్నం బానలొచ్చాయి. వరహాలమ్మ కొంగుకు రెండు ముళ్లు వేసుకుని వచ్చి, కొలువులో అందరి ఎదుటా మార్కండేయులుకు దణ్ణం పెట్టింది.

"నీ నోరు చల్లగుండ నాయనా! మా గోడను కాపాడావు."

"కాపాడ్డమేమిటి ముసలమ్మా? దాన్ని తిట్టాను!"

"అందుకే కదా అంటున్నాను!" ఆమె రాజావారి వైపు తిరిగింది. "మహరాజా బాబూ, తమరికి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. తమరు పుట్టగానే ఏం చేశాం? పెంటకుప్ప మీద దొర్లించాం. పెంటయ్యా అని పిలిచాం. ఎవరైనా 'ఎంత ముద్దుగా ఉన్నాడో' అంటే, 'అబ్బే, కోతిపిల్ల' అనేవాళ్లం. అన్నీ మరిచిపోతున్నాను గానీ అది మరవలేదు బాబూ."

దివాన్‌గారు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నారు. రాజావారు చెవులదాకా ఎర్రబడ్డారు.

"అందమైనదాన్ని మెచ్చుకుంటే దిష్టి. తిడితే బుగ్గన చుక్క పెట్టినట్టు. ఈ బాబు మా గోడకు ఎంతెంత చుక్కలు పెట్టాడనీ!" కొంగుకున్న మొదటి ముడి తడిమింది. "హిడియస్ అన్నాడు. తర్వాత... అదే, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుంటుందే, ఆ మాట..." రెండో ముడి తడిమింది. తడుముతూనే ఉండిపోయింది. గోడమీది బుగ్గలవైపు చూసింది. "ఆఁ! గ్రొటెస్క్!"

"మూఢత్వం!" అని అరిచాడు మార్కండేయులు. "ఆ గోడ నిజంగానే ట్రాష్! రబ్బిష్!"

"చూశారా బాబూ, ఇంకో రెండు పెట్టాడు."

ఇంకో తిట్టు అందుకోబోయి మార్కండేయులు నాలుక కరుచుకున్నాడు. తిట్టినకొద్దీ చుక్క. పోనీ పొగుడుదామంటే, ఇక సున్నమెందుకు?

వరహాలమ్మ సింహాసనం పక్కకు చూసి నిట్టూర్చింది.

"నా బెంగంతా ఆ చిలక గురించే. పాపం, దానికి ఒక్క తిట్టయినా లేదు."

రాజావారు అదిరిపడి లేచారు.

"నిజమే! రోజూ సబ్లైమ్, సబ్లైమ్ అని దిష్టి కొట్టేశావు కదటయ్యా! మొన్న దాని తోక దగ్గర రంగు పెచ్చూడింది కూడా! తిట్టు! వెంటనే తిట్టు!"

"ప్రభూ... తమ చిలకను..."

"తిడతావా, సున్నం బానలో ముంచమంటావా?"

"వ... వల్గర్."

"గట్టిగా!"

"గాడీ! క్రూడ్! మీడియోకర్!" తిట్టేకొద్దీ మార్కండేయులు ముఖం వెలిగిపోసాగింది. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా కట్ట తెంచుకుంది. చివరికి ఇంగ్లీషు చాల్లేదు.

"దోసకాయకు ముక్కు మొలిచినట్టుంది!"

రాజావారు చిలకను చూశారు. ఇంకోసారి చూశారు. ముందు వారి బొజ్జ కదిలింది.

"ఔనర్రా! దోసకాయే!"

అంతే, ఇన్నాళ్లూ చిలకను చూసి పళ్లు బిగబట్టుకున్నవాళ్లందరూ పగలబడి నవ్వారు. ఇన్ని చుక్కలు పడ్డ గోడకు ఇక సున్నమెందుకన్నారు రాజావారు; బానలు వచ్చిన దారినే పోయాయి. రాజావారు కళ్లు తుడుచుకుని, మార్కండేయులు కోసం తెప్పించిన పట్టుశాలువా వరహాలమ్మకు కప్పారు.

"ఇంకేం కావాలే అవ్వా?"

"గోడ దగ్గర ఒక పీట వేయించండి బాబూ. ఊరికే చూస్తూ కూర్చుంటే నా కన్నే తగులుతుంది, మధ్యమధ్య నేనూ ఓ తిట్టు తిట్టుకుంటాను."

పీట వచ్చింది. వరహాలమ్మ దానిమీద కూర్చుని, ఆ పొంగిన బుగ్గలను తనివితీరా చూసుకుని, మెటికలు విరిచింది.

"గ్రొటెస్కు మొహమా!"