చెట్టుకు వదిలిన పండు

అనగా అనగా, సముద్రపు హోరు కోటగోడలకు వినబడేంత దగ్గరలో ఒక రాజుగారు ఉండేవారు. ఆయన పేరు శూరకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వజ్రకేతుడికి ధైర్యం ఎక్కువ. రెండోవాడు వీరకేతుడికి తెలివి ఎక్కువ. చిన్నవాడు హేమకేతుడికి ఆశ్చర్యం ఎక్కువ. వాడు ఏం చూసినా నోరు తెరుచుకుని నిలబడిపోయేవాడు. వంటశాలలో పూరీ పొంగినా “అమ్మో!” అని కేక పెట్టేవాడు.

ఆ రాజ్యంలోనే కంకాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. చావు లేకుండా బతకాలని వాడి కోరిక. అందుకోసం ఒక పసిబిడ్డను బలి ఇవ్వబోతూ భటులకు దొరికిపోయాడు. రాజుగారు వాడికి సగం గుండు గీయించి పొలిమేర దాటించారు. “నీ బిడ్డలను నీకు దక్కనివ్వను, చూస్తూ ఉండు!” అని వాడు పళ్ళు నూరుకుంటూ పోయాడు. రాజుగారు నవ్వి ఊరుకున్నారు. ఊరుకోకుండా ఉండాల్సింది, కానీ రాజులకు మనం చెబుతామా?

ఒకనాడు నిండు సభలో ముగ్గురు కొడుకులూ తండ్రి పక్కన కూర్చుని ఉండగా కిటికీలోంచి ఎర్రటి సుడిగాలి దూరింది. పెద్దవాణ్ణి లేపింది. రెండోవాణ్ణి లేపింది. హేమకేతుడు ఒక్క గెంతు గెంతి అన్నల ఉత్తరీయాలు పట్టుకున్నాడు. గాలి వచ్చిన దారినే పోయింది. వాడి చేతుల్లో ఖాళీ ఉత్తరీయాలు రెండు మిగిలాయి. మహారాణి కూర్చున్నచోటే కొయ్యబారిపోయింది.

హేమకేతుడు ఏడుస్తూ సముద్రపు ఒడ్డుకు పరుగెత్తాడు. ఇసుకలో ఒక ముసలి తాబేలు గుడ్లు పెట్టి, గుంట పూడుస్తోంది.

“ఏడవకు నాయనా,” అంది తాబేలు. హేమకేతుడు ఏడుపు మరిచిపోయి నోరు తెరిచాడు. “నోరు మూసుకో, ఈగలు దూరతాయి. ఆ ఎర్రగాలి ఏడు సముద్రాలు దాటి జపాను దీవులకు పోయింది. మీ నానమ్మగారు ఈ ఒడ్డున మా గుడ్లు ఎవరూ ముట్టకూడదని చాటింపు వేయించారు. ఆ మంచి నాకు గుర్తుంది. నా వీపు ఎక్కు.”

హేమకేతుడు ఎక్కాడు. ఉప్పు సముద్రం దాటారు. చెరకు రసపు సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటేటప్పుడు తాబేలు కాస్త తూలింది. నేతి సముద్రం దాటారు. పెరుగు సముద్రంలో కాళ్ళు కూరుకుపోయాయి. పాల సముద్రంలో వాడు కడుపునిండా తాగాడు. ఇక మంచినీళ్ళ సముద్రం దాటితే జపాను దీవి. అక్కడి భాష వాడికెలా వచ్చిందంటారా? అంత దూరం తాబేలు వీపు మీద ఊరికే కూర్చుంటాడా? దాని దగ్గరే నేర్చుకున్నాడు.

ఒడ్డు కనబడగానే హేమకేతుడు తాబేలు వీపు మీద లేచి నిలబడ్డాడు. కొండలన్నీ భగభగా మండిపోతున్నాయి! వాడు నీళ్ళలో దూకి, తలపాగా తడుపుకుని, “నిప్పు! నిప్పు!” అని అరుస్తూ కొండకేసి పరుగు తీశాడు. దగ్గరికెళ్ళి తలపాగా పిండబోయి అలాగే నిలబడిపోయాడు. మంటా లేదు, పొగా లేదు. చెట్ల ఆకులే ఎర్రగా ఉన్నాయి.

పక్కన ఎవరో పకపకా నవ్వారు. పెంకుటింటి చూరు కింద నిచ్చెన మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పండ్ల తొక్క తీసి, తాళ్ళకు గుచ్చి, చూరుకు వేలాడదీస్తోంది. మన అడవుల్లో తునికి పండు ఉంటుంది చూడండి, దానికి పెద్దన్నలాంటిది, పిడికిలంత పండు అది. 

“మా కొండలను ఆర్పడానికి వచ్చావా?” అందామె. “శరత్తు చివర మా చెట్లు ఇలాగే ఉంటాయి. వాటిని చూడడానికి ఊళ్ళకు ఊళ్ళు చద్దిమూటలు కట్టుకుని వస్తాయి. నేను ఈ సీమ దొరగారి కూతురిని. నా పేరు కొహారు.”

దొర కూతురు ఊయల్లో ఊగుతూ ఉంటుందనుకున్న హేమకేతుడు ఆమె జిగురు చేతులు చూసి మరోసారి ఆశ్చర్యపోయాడు. ఆకలి మీద ఉన్నాడేమో, ఒక పండు లాక్కుని కొరికాడు. అంతే! నాలుక మొద్దుబారింది, నోరంతా పిడచ కట్టింది.

“విషం!” అన్నాడు.

“విషం కాదు, వగరు. చలిగాలి తగిలి ఎండితేనే తీపి. చెట్టు మీదిదైతే మంచు తగలాలి.”

చుట్టూ చూస్తే అన్నీ వింతలే. దేవదారు కొమ్మలకు తాళ్ళు బిగించి ఉన్నాయి, మానులకు గడ్డి చాపలు చుట్టి ఉన్నాయి. “ఈ చెట్లు ఏం తప్పు చేశాయి, ఇలా కట్టేశారు?” అని అడిగాడు.

“మంచు బరువుకు కొమ్మలు విరగకుండా ఆ తాళ్ళు. చలికి పురుగులు వచ్చి దూరడానికి ఆ చాపలు.”

“పురుగులకు పరుపులు వేస్తారా!”

“వేస్తాం. వసంతంలో ఆ పరుపులు తీసి తగలబెడతాం.”

హేమకేతుడు హడలిపోయాడు. కొహారు మాత్రం ఈసారి నవ్వలేదు.

“ఇన్ని చేసి ఏం లాభం? మూడు పున్నములుగా శరత్తు ఇలాగే ఆగిపోయింది, చలిగాలి రాలేదు. పండ్లు ఎండక బూజు పడుతున్నాయి. ఎండబెట్టిన ముల్లంగి కుళ్ళుతోంది. చలి రాకపోతే వసంతం రాదు, వసంతం రాకపోతే నాట్లు లేవు. గాదెల్లో అడుగు కనబడుతోంది.”

అప్పుడు చూరు మీద వాలిన పికిలిపిట్ట ఒకటి గొంతు సవరించుకుంది.

“గాలి రాకపోవడం కాదు, దాన్ని దాచేశారు. కంకాళుడనేవాడు దాన్ని సొరకాయ బుర్రలో బిగించి తన ఇంట్లో వేలాడదీశాడు. మేం పిట్టలం కదా, మా ముందు ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. అన్నీ విన్నాను. ఈ అబ్బాయి అన్నలను ఎత్తుకొచ్చినవాడూ వాడే. వాడి ప్రాణం ఎక్కడుందో చెప్పనా? అదిగో!”

పెరట్లో ఆ పండ్ల చెట్టే ఒకటి ఉంది. పండ్లన్నీ కోసేశారు. చిటారుకొమ్మన ఒకే ఒక్క పండు ఉంది.

కొహారు నిచ్చెన దిగి వచ్చింది. “ఆ పండులోనా? ఏటా ఒక పండు చెట్టుకు వదిలేస్తాం. పిట్టలు తినాలి, చెట్టు మళ్ళీ కాయాలి. దాన్ని మాలో ఎవరూ ముట్టరు.”

“అందుకే అందులో పెట్టాడు,” అంది పిట్ట. “‘మా దేశంలో ఇలా ఒంటిపండు కనబడితే సాయంత్రానికల్లా పిల్లలు రాళ్ళేసి కొట్టేస్తారు, ఈ పిచ్చివాళ్ళు మాత్రం కాపలా కాస్తారు’ అని వాడు రోజూ నవ్వుకుంటాడు. ఇక వాడి భయమల్లా మేమే. మంచు పడితే పండు మాగుతుంది, మాగితే మేం తినేస్తాం. అందుకని గాలినే కట్టేశాడు.”

హేమకేతుడు అప్పటికే చెట్టు సగం ఎక్కేశాడు. “ఆగు!” అని పిట్ట కీచుమంది. “మనిషి చెయ్యి తగిలితే వాడి ప్రాణం ఆ మనిషిలోకి పాకుతుంది. నువ్వే కంకాళుడివి అవుతావు!” హేమకేతుడు జర్రున జారి కింద కూలబడ్డాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి.

“మూడు పనులు చేయాలబ్బాయీ. ఒకటి, వాడు మంత్రం చదవకుండా నోరు మూయించాలి. రెండు, బుర్ర మూత తీయాలి. మూడు, ఏం జరిగినా ఆ పండు ముట్టకూడదు. మూడోదే కష్టం,” అంది పిట్ట.

మర్నాడు ఆ సీమలో పంది పండుగ. చలికాలపు కుంపటి మొదటిసారి వెలిగించే రోజు. గంపెడు పిల్లలను కనే అడవిపందిలా ఇల్లు పిల్లాపాపలతో కళకళలాడాలని, జిగురుబియ్యం దంచి, పందిపిల్లల్లాంటి ముద్దలు చేసి ఇంటింటా పంచుతారు. కొహారు ముద్దలు చేస్తూ చెప్పింది: “జాగ్రత్త, ఇది చిన్న చిన్న ముక్కలు కొరికి నిదానంగా నమలాలి. మాకు పసితనం నుంచి అలవాటు.”

హేమకేతుడి కళ్ళు మెరిశాయి. “మావాళ్ళు ముద్దను కొరకరు. నోట్లో వేసుకుంటారంతే. ఇంకాస్త పెద్దది చెయ్యి.”

ఇద్దరూ పళ్ళెం పట్టుకుని, పెరటి అవతలే ఉన్న కంకాళుడి ఇంటికి వెళ్ళారు. వాడు వంకర వేళ్ళు కాచుకుంటూ కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. వాడి తల మీద దూలానికి సొరకాయ బుర్ర వేలాడుతూ గుయ్యిమంటోంది.

“ఓహో, శూరకేతుడి చిన్నకొడుకా! గాలి కోసమేనా?” అన్నాడు వాడు తాపీగా. “తీసుకో. కానీ ముందు కిటికీలోంచి చూడు. ఆ రెండు ఎర్రచెట్లున్నాయే, అవే మీ అన్నలు. గాలి విప్పావా, ఆకులు రాలతాయి. ఆకులన్నీ రాలిన చెట్టు ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?”

హేమకేతుడు కిటికీ దగ్గరికి పరుగెత్తి చూశాడు. వాడి ఊళ్ళో మామిడి, వేప, చింత ఎప్పుడూ పచ్చగా ఉండేవి. ఒక్క ఆకూ లేని చెట్టంటే వాడికి తెలిసింది వంటచెరుకే.

“ఏదీ, మన ఊరివాడి చేతి ముద్ద తిని ఎన్నాళ్ళయిందో!” అని కంకాళుడు పెద్ద ముద్ద తీసుకున్నాడు. కొరకలేదు. అమాంతం నోట్లో వేసుకున్నాడు. ఒకసారి నమిలాడు, రెండుసార్లు నమిలాడు, మూడోసారికి దవడలు రెండూ అంటుకుపోయాయి. మంత్రం చదవబోతే “మ్మ్మ్” అంది నోరు. హేమకేతుడు దూలానికి ఎగిరి బుర్ర లాక్కుని బయటికి పరుగెత్తాడు. 

పరుగెత్తినవాడు ఎర్రచెట్ల ముందు ఆగిపోయాడు. బుర్ర గుయ్యిమంటోంది.

“నావల్ల కాదు కొహారూ. నా చేత్తో మా అన్నలను చంపుకోనా?”

“ఆకు రాలితే చావెలా అవుతుంది? మా చెట్లన్నీ ఏటా బోడిగా నిలబడతాయి. నిద్రపోతాయంతే.”

“నేనెన్నడూ చూడలేదు!”

“చూడలేదు కాబట్టే వాడు నిన్ను భయపెట్టాడు. ఇటు రా.” కొహారు కొమ్మ వంచి, ఒక ఆకు కాడ మొదలును పక్కకు నెట్టింది. అక్కడ ఆవగింజంత ఎర్రటి మొగ్గ ఉంది. పక్క ఆకు మొదట్లోనూ ఉంది. రెండో చెట్టుకూ ఉంది. “వచ్చే వసంతపు ఆకు ఇది. పాత ఆకు రాలకముందే సిద్ధంగా ఉంటుంది.”

హేమకేతుడు ఆ మొగ్గను వేలితో తాకి చూశాడు. “అన్నయ్యా,” అన్నాడు చెట్టుతో, “నాకు భయంగానే ఉంది. అయినా తీస్తున్నాను.” కళ్ళు గట్టిగా మూసుకుని మూత లాగేశాడు.

గాలి కేక పెట్టింది! తలుపులు దబదబా కొట్టుకున్నాయి, దేవదారు తాళ్ళు మూలిగాయి, చూరు కింద పండ్లు గిరగిరా తిరిగాయి. కొండల మీది ఎరుపంతా ఆకాశంలోకి లేచింది. హేమకేతుడు కళ్ళు తెరిచేసరికి వాడి ముందు రెండు బోడి కట్టెలు నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. ఊపిరి లేదు, కదలిక లేదు. వాడు రెండు మానులనూ పట్టుకుని గుండెలు పగిలేలా ఏడ్చాడు.

తెల్లవారేసరికి నేలంతా తెల్లటి మంచు నూగు. కంకాళుడు ఇంకా ముద్ద నములుతూనే పెరట్లోకి వచ్చాడు. బోడిచెట్లను వేలితో చూపించాడు, హేమకేతుణ్ణి చూపించాడు, కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఒంటిపండు చెట్టును చూపించి, ‘కొయ్యి, కొయ్యి’ అన్నట్టు చేతులు ఊపాడు. నన్ను చంపాలని లేదా అన్నట్టు రొమ్ము చరుచుకున్నాడు.

హేమకేతుడికి కళ్ళ ముందు ఏమీ కనబడలేదు. చెట్టెక్కేశాడు. పండు పక్కనే ఉంది. ఒక్క పిసుకు చాలు. చెయ్యి చాచాడు. వేలి చివర పండు చల్లదనం తెలిసేంత దగ్గరికి వెళ్ళింది. అప్పుడు వాడు తన చేతిని చూసి తానే దిగ్భ్రాంతి చెందాడు. వేళ్ళు అచ్చం కంకాళుడి వేళ్ళలా వంకర తిరిగి ఉన్నాయి.

చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రెండు చేతులతోనూ కొమ్మను కౌగిలించుకుని, “నాది కాదు. ఈ పండు నాది కాదు. పిట్టా, నీదే, రా!” అని అరిచాడు.

పికిలిపిట్ట రివ్వున వచ్చి వాలింది. ఒకసారి పొడిచింది, తీపి. రెండోసారి పొడిచింది, మరీ తీపి. మూడోసారికి పండు ఖాళీ. కింద కంకాళుడు నవ్వుతున్నవాడు నవ్వుతున్నట్టే ఎండుటాకులా ముడుచుకుపోయి, పొడిపొడిగా రాలిపోయాడు. గాలి వాణ్ణి ఊడ్చేసింది.

అప్పుడు బోడిచెట్లు రెండూ వణికాయి. బెరడు చిట్లింది. అక్కడ వజ్రకేతుడు, వీరకేతుడు నిలబడి ఉన్నారు. ఆకులతోపాటు బట్టలూ పోయాయి కాబట్టి ఒంటి మీద నూలుపోగు లేదు! కొహారు కెవ్వుమని వెనక్కి తిరిగింది. దొరగారు పరుగున వచ్చి, దేవదారు చాపలు విప్పి వాళ్ళకు చుట్టారు. హేమకేతుడు అన్నల ముఖాలు తడుముతూ “బతికే ఉన్నారా? నిజంగానా?” అని అడిగిందే అడిగాడు.

“చలి తమ్ముడూ, చలి!” అన్నాడు వజ్రకేతుడు పళ్ళు కటకటలాడిస్తూ.

చూరు కింద పండ్లు ఎండి, తీపెక్కి, పైన తెల్లటి చక్కెర పూసినప్పుడు దొరగారు కొహారుకూ హేమకేతుడికీ పెళ్ళి చేశారు. ఊరంతా తిన్నది. ఆ తర్వాత తాబేలు నలుగురినీ వీపు మీద ఎక్కించుకుని, దారంతా సణుగుతూ, ఏడు సముద్రాలు దాటించి కోట ఒడ్డుకు చేర్చింది.

మహారాణి ఒడ్డుకు వచ్చింది కానీ కళ్ళు తెరవలేదు. చూస్తే ఒక్కడే ఉంటాడేమోనని భయం. కళ్ళు మూసుకునే చేతులు చాచి తలలు తడుముతూ లెక్కపెట్టింది. ఒకటి అంది. రెండు అంది. మూడు అంది. చెయ్యి ఇంకో తలకు తగిలింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచి చూస్తే, కొత్తకోడలు తలవంచుకుని నిలబడి ఉంది.

“నాలుగు!” అంది మహారాణి, ఏడుస్తూ.

ఆ తర్వాత పెద్దకొడుకు రెండోవాడి తెలివి తోడుగా ఇక్కడ, చిన్నకొడుకు మామగారి సీమలో, జుట్లు నెరిసి మనవలు పుట్టేదాకా చల్లగా రాజ్యాలు ఏలారు. తాబేలు ఒడ్డెక్కింది, కథ కూడా ఒడ్డెక్కింది. మీరిక పక్కలెక్కండి.