నడిసంద్రం నీలమైన కథ

ఒకప్పుడు, సముద్రమంతా ఒకే రంగులో ఉండే రోజుల్లో, ఒడ్డునీళ్లేవో లోతునీళ్లేవో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఇసకను తాకే అల దగ్గర్నుంచి ఆకాశం వంగే చోటుదాకా నీళ్లన్నీ లేత కొబ్బరినీళ్లలా పల్చగా మెరిసేవి. పొద్దున్నే తెప్పమీద కూచుంటే నీళ్లలో ఉన్నామో మబ్బుల్లో ఉన్నామో తెలిసేది కాదు.

మరి అసలు సముద్రం ఎక్కడ మొదలవుతుంది? దానిమీద రోజూ తగువే.

"కాళ్లు తడిస్తే సముద్రమే!" అనేది ఎండ్రకాయ, కన్నంలోంచి కళ్లు బయటపెట్టి.

"చాల్లే, చెప్పొచ్చావు! అలలు విరిగే చోటు దాటితేనే సముద్రం," అనేది ఒడ్డున తిరిగే కాకి.

మనుషులూ అంతే. అలలు దాటి నాలుగు తెడ్లు వేసి వచ్చినవాడు కూడా "నడిసంద్రం చూసొచ్చాను" అని మీసం దువ్వేవాడు. వినడానికి నవ్వొచ్చేది గానీ, అందులో పెద్ద కష్టమే ఉంది. ఎక్కడ ఆగాలో నీళ్లు చెప్పేవి కావు. చేపల వెంటపడ్డవాడు ఒడ్డు దగ్గరే ఉన్నాననుకుంటూ పోయేవాడు, పోయేవాడు, అలా పోతూనే ఉండేవాడు. తిరిగొచ్చేవాడు కాదు.

ఆ తీరంలో తౌడమ్మ అనే ఆవిడ ఉండేది. తెరచాపలు కుట్టడం, వాటిని నీలిమందు తొట్టిలో ముంచి రంగు వెయ్యడం ఆమె పని. ఆమె చేతులు మోచేతులదాకా ఎప్పుడూ నీలంగానే ఉండేవి.

ఓ పొద్దున ఆమె మొగుడు పైడన్న వల భుజాన వేసుకున్నాడు. "కవ్వళ్ల చేపలొచ్చాయంట! ఎక్కడికో కాదు, ఇలా అలల అవతలికే," అని తెప్ప తోసుకుపోయాడు.

పొద్దు వాలింది. పైడన్న రాలేదు. మర్నాడూ రాలేదు.

"దగ్గర్లోనే ఉంటాడులే," అన్నాడు ఊరిపెద్ద. "పెద్ద సముద్రంలోకేం పోలేదు గదా!"

"ఏది దగ్గరో ఏది పెద్దదో నీకు తెలుసేటి బావా?" అంది తౌడమ్మ. "నాకూ తెలీదు. ఆయన్ని వెతుక్కుంటూ పోయి సముద్రాన్నే అడుగుతాను."

కుండలో మంచినీళ్లు నింపుకుంది. అప్పుడే ఆరిన కొత్త తెరచాపను తెప్పకి కట్టుకుంది. ఎన్నోసార్లు రంగులో ముంచిన చాప అది, నేరేడుపండులా నిగనిగలాడుతోంది. అలలు దాటింది.

ఊరి చప్పుడు సన్నబడింది. గుడిసెలు గవ్వలంతయ్యాయి. తాటిచెట్లు కనురెప్పల వెంట్రుకల్లా సన్నగా కనబడి, ఆఖరికి అవీ లేకుండా పోయాయి.

తెల్లటి సముద్రపు పిట్ట ఒకటి వచ్చి తెరచాప కొయ్యమీద వాలింది.

"పిట్టమ్మా, ఒడ్డు కనబడ్డంలేదు. సముద్రమంటే ఇదేనా?"

"నాకు కనబడుతోంది గదా!" అంది పిట్ట. "కాస్త పైకెగిరితే మీ తాటిచెట్లన్నీ కనబడతాయి. కనబడకపోవడం నీ కళ్ల సంగతి, సముద్రం సంగతి కాదు."

ఆ మాట అని, ముందుకి చూసి రెక్కలు విదిల్చుకుంది. "ఇంక నేను రానమ్మా. రెక్కలు నొప్పెడితే వాలడానికి అక్కడేముంది?" అని వెనక్కి ఎగిరిపోయింది.

తెప్ప సాగుతోంది. గాలి నిద్రపోయే పసిపాప ఊపిరిలా వస్తోంది. పైనా తెలుపే, కిందా తెలుపే. తౌడమ్మకి తను కదులుతోందో, ప్రపంచమే తన పక్కనుంచి జారిపోతోందో తెలియలేదు.

ముసలి తాబేలు ఒకటి పక్కనే తేలింది.

"తాతా, ఇది సముద్రమేనా?"

"గాలి ఎదురు తిరిగిందనుకో," అంది తాబేలు నెమ్మదిగా. "పొద్దువాలేలోగా ఇల్లు చేరగలవా?"

"చేరగలను."

"అయితే ఇంకా కాదు."

ఇద్దరూ పక్కపక్కనే చాలా దూరం వెళ్లారు. తాబేలు మళ్లీ తల పైకెత్తింది. "ఇప్పుడు?"

తౌడమ్మ నాలుగు దిక్కులా చూసింది. "చేరలేను తాతా. గాలి తిరిగితే దాక్కోడానికి చోటు లేదు. ఉన్నచోటే కాచుకోవాలి. కుండలో ఉన్న నీళ్లే తాగాలి. చాప చిరిగితే నేనే కుట్టుకోవాలి. పిలిస్తే పలికేవాళ్లు లేరు."

"అదీ సముద్రం," అంది తాబేలు.

అప్పుడే దూరంగా ఒక నల్లచుక్క కనబడింది. పైడన్న తెప్ప! కొయ్య విరిగిపోయి ఉంది. పైడన్న బోర్లా పడి ఉన్నాడు. తౌడమ్మ అతన్ని తన తెప్పమీదికి లాగి, పెదాలు తడిపి, గుక్క గుక్కగా నీళ్లు పట్టింది.

"ఒలె తౌడమ్మా... నువ్వేనేటి? కలా?" అన్నాడు పైడన్న. "ఒడ్డు దగ్గరే ఉన్నాననుకున్నానే. నీళ్లు అలాగే ఉన్నాయి గదా!"

తౌడమ్మకి ముందు ఏడుపొచ్చింది, ఆ తరవాత కోపం వచ్చింది. అరచేత్తో నీళ్లమీద చరిచింది. "గంగమ్మ తల్లీ! నీ గుమ్మం ఎక్కడుందో మాకెందుకు చెప్పవు?"

అడుగునుంచి ఒక గొంతు వచ్చింది. శంఖం చెవికి ఆనించుకుంటే వినబడే హోరులా ఉంది.

"లోపలుండేదాన్ని, బయటికెలా కనబడతానో నాకేం తెలుసు బిడ్డా? గుర్తు పెడదామంటే నా దగ్గర రంగు లేదు. నీ చాపలో ఉంది. ఇస్తావా?"

పైడన్న చాప అంచు గట్టిగా పట్టుకున్నాడు. "వద్దే! ఇది పోతే ఇల్లెలా చేరతాం? తెడ్లతో ఇంత దూరమా?"

"నీకోసం నేనొచ్చాను మావా," అంది తౌడమ్మ. "వెతుక్కుంటూ వచ్చేవాళ్లు లేనివాడు తప్పిపోతేనో?"

పైడన్న చాప అంచు వదిలాడు. తనే ముడి విప్పాడు.

చాప నీళ్లలోకి జారింది. నీలం పొగలా లేచి, మెలికలు తిరిగి, విచ్చుకుంది. అలమీంచి అలకి పాకింది. రంగంతా పోయి తెల్లబడ్డ చాపను గంగమ్మ మెల్లగా లోపలికి తీసుకుంది.

ఇద్దరూ తెడ్లు వేశారు. చేతులు బొబ్బలెక్కినా వేశారు. తాబేలు ముందు దారి చూపిస్తోంది. వాళ్లకంటే ముందు నీలం పరిగెడుతోంది. అది సముద్రపు అడుగునేల పైకి లేచే చోటికి వచ్చి, ఇసకను తాకి ఆగిపోయింది.

"ఇసకకి రంగు పట్టదు మావా," అంది తౌడమ్మ.

దాటి వచ్చిన కాస్త నీలమూ ఇసక పసుపుతో కలిసింది. ఒడ్డునీళ్లు లేత ఆకుపచ్చగా మారాయి. ఆ పచ్చటి నీళ్లమీదుగా, ఒకరి భుజంమీద ఒకరు వాలిపోతూ, ఇద్దరూ ఊరి ఇసకలోకి చేరారు.

అప్పటినుంచే ఒడ్డు దగ్గర సముద్రం ఆకుపచ్చగా, లోపల ముదురు నీలంగా ఉంటోంది. పచ్చ దాటి నీలంలోకి పడవ జారగానే, అంతవరకూ కబుర్లాడుతున్నవాళ్లు ఈనాటికీ కాసేపు మాటలాపుతారు. తాగేనీళ్లు ఓసారి తడిమి చూసుకుంటారు. గాలి ఎటు వీస్తోందో చూసి, వంగి, వేలికొసలతో ఆ నీలాన్ని తాకి కళ్లకద్దుకుంటారు.