తోకమీద నిలబడిన ఏనుగు

సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యాన్ని విజయభైరవుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు కానీ, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. పైగా బొమ్మలు గీయడంలో తనను మించినవాడు లేడని గట్టి నమ్మకం. ఆయన నెమలిని గీస్తే సభంతా భళా అనేది. అది కోడి అనుకున్నవాళ్ళు కూడా భళా అనే అనేవారు.

ఆ రాజుగారి జెండా మీద ఏనుగు గుర్తు ఉండేది. అది తెలిసి, రేవులో దిగిన చెన్ అనే చీనా వర్తకుడు ఒక పింగాణీ కూజా మీద తమ లిపిలో ఏనుగు అనే అక్షరం రాయించి కానుకగా తెచ్చాడు. ఏటేటా వచ్చే మనిషి కనుక తెలుగు బాగానే వచ్చు.

రాజుగారు కూజాను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో ఏనుగు ఎక్కడుందయ్యా?"

"ఇదే ప్రభూ. మా పూర్వులు ఏనుగు బొమ్మే గీసేవారు. అది అరిగి అరిగి అక్షరమైంది. పైన తొండం, ఈ పక్కన కాళ్ళు, కింద తోక" అని చెన్ వేలితో చూపించాడు.

రాజుగారి ముఖం జేవురించింది. "కాళ్ళు పక్కకూ తోక కిందికీనా? అంటే నా ఏనుగును కూలదోశావన్నమాట. నా రాజ్యం కూలాలనా నీ కోరిక?"

చెన్ ఏదో చెప్పబోయాడు. రాజుగారు వింటేగా. "ఏనుగును తోకమీద నిలబెట్టినవాడు ఎవడైనా సరే, వాడికి చెరసాల. వాడి ఓడ ఖజానాకు. ఇది నా తీర్పు, దీనికి తిరుగులేదు."

పాపం చెన్! అవి గాలి చీనా వైపు మళ్ళే రోజులు. ఇప్పుడు బయలుదేరకపోతే ఏడాదిదాకా భార్యాబిడ్డలను చూడలేడు. ఓడే పోతే ఇక ఎప్పటికీ చూడలేడు.

ఆస్థానంలో సింగన అనే విదూషకుడు ఉన్నాడు. అతనికి చెన్‌ను చూస్తే జాలేసింది. పక్కకు చేరి, "ఏనుగును అలా ఎందుకు నిలబెట్టారయ్యా?" అని మెల్లగా అడిగాడు. చెన్ చెవిలో చెప్పాడు. సింగన మీసాల్లో నవ్వుకుని, గుమ్మానికి కట్టిన వెదురు తెర నుంచి ఒక బద్ద ఊడబీకి రాజుగారి ముందుకొచ్చాడు.

"ప్రభూ, తీర్పు బాగుంది. కానీ ఏనుగును గీయడం వీళ్ళకు నేర్పేదెవరు? పూర్వం వీళ్ళు వెదురుబద్దల మీద రాసేవారట. తమరు దీనిమీద ఒక్క ఏనుగును గీసి చూపిస్తే, వీళ్ళ వంశమంతా బుద్ధి తెచ్చుకుంటుంది."

రాజుగారు పొంగిపోయి కుంచె తెప్పించుకున్నారు. సింగన బద్దను నిలువుగా పట్టుకున్నాడు. అది వేలంత వెడల్పు. రాజుగారు ఊపిరి బిగబట్టి ఎంత ఇరికించి గీసినా తొండానికి చోటు మిగల్లేదు.

"చుంచెలుకను చక్కగా దించారు ప్రభూ" అన్నాడు సింగన.

రాజుగారికి రోషం వచ్చింది. "బద్ద ఇరుకైతే నేనేం చేసేది? ఇలా తే" అని లాక్కుని, తొడమీద అడ్డంగా పెట్టుకుని, రెండోవైపు పొడుగునా గీశారు. ఈసారి తొండం నుంచి తోకదాకా ఏనుగు దివ్యంగా వచ్చింది. సభ భళా అంది, ఈసారి మనస్ఫూర్తిగానే.

సింగన బద్దను కళ్ళకద్దుకున్నాడు. "చీనావాళ్ళు పైనుంచి కిందికి చదువుతారట. బద్దను ఇలా పట్టుకోవాలి ప్రభూ" అని మళ్ళీ నిలబెట్టాడు.

తొండం పైన, కాళ్ళు పక్కన, తోక కింద.

"తాటాకు చిరగకూడదని మన అక్షరాలు గుండ్రబడ్డాయి. బద్దలో ఇమడాలని వాళ్ళ ఏనుగు లేచి నిలబడింది. దాన్ని ఎవరూ కూలదోయలేదు ప్రభూ" అన్నాడు సింగన. తర్వాత చేతులు కట్టుకుని, "ఇక తీర్పు సంగతి. ఎవడైనా సరే అన్నారు, తిరుగులేదనీ అన్నారు. కానీ అమలు చేయడానికి ఒక చిక్కుంది" అన్నాడు.

"ఏమిటది?" అన్నారు రాజుగారు నీరసంగా.

"మన చెరసాల గదులు మరీ ఇరుకు. ఏలినవారి నిండు విగ్రహం అడ్డంగా పడుకుంటే పట్టదు. తమరిని కూడా నిలబెట్టే ఉంచాలి."

రాజుగారు బద్దను చూశారు, తన బొజ్జను చూసుకున్నారు. ఇక ఆగలేక, సింహాసనం కదిలేలా నవ్వారు. చేతి కడియం తీసి సింగనకు తొడిగితే అది జారి భుజందాకా పోయింది.

"నీ ఓడ నువ్వు తీసుకుపోవయ్యా చెన్" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ, కూజానూ తన బొజ్జనూ చూపిస్తూ. "ఆ ఏనుగునూ వదిలేశాను, ఈ ఏనుగునూ వదిలేశాను."