జీలుగ కలుపు

గుల్లేరు సంగతి చెప్పాలంటే ముందు నక్క జంబయ్య పేరు తలవాలి. తలవకపోతే ఆయన ఊరుకోడు. ఏరు బాగు సంఘానికి ఆయనే అధ్యక్షుడు మరి. మెడలో ఆకుపచ్చ కండువా, నోట్లో ఎప్పుడూ రెండు మంచి ముక్కలు. లోయలో ఎక్కడ మేకపిల్ల పుట్టినా వెళ్లి, "ఏరు మన తల్లి" అని చెప్పి వచ్చేవాడు. వచ్చే ముందు ఆ పిల్లని ఎగాదిగా చూసి మరీ వచ్చేవాడు. ఏటా మొక్కల పండగ చేసేవాడు. ఏటా అదే గుంట, అదే మొక్క. పండగ అయిపోగానే దాన్ని పీకి, వచ్చే ఏటికి దాచిపెట్టేవాడు.

అసలు కథ వేరే. ఏరు చచ్చి ఉన్నన్నాళ్లూ జంబయ్య హాయిగా బతికాడు. గట్ల మీద గడ్డి లేదు, వాన పడితే మట్టంతా కొట్టుకుపోయేది. నాలుగు రోజులు ఎర్రగా పారి, ఆ తర్వాత ఏరు మడుగులు మడుగులుగా తెగిపోయేది. చేపలు ఎటూ పోలేక ఆ మడుగుల్లో చిక్కుకునేవి. ఒడ్డున కూర్చుని మూతి ముంచితే చాలు, భోజనం అయిపోయేది. ఏరు నిండా పారితే ఆ చేపలు దక్కవు, ఈ వయసులో ఎలకల వెంట పరుగెత్తాలి. అందుకే అధ్యక్షుడయ్యాడు. బాగుచేసే పని తన చేతిలో ఉంటే, అది ఎన్నటికీ జరగకుండా చూసుకోవచ్చు కదా.

కానీ ముసలి ఎద్దు మైలన్న ఒకడున్నాడు. సమావేశాలకి రాకుండా పని చేసుకుపోయే దుర్గుణం ఆయనది. మేకల్ని బతిమాలి గట్ల మీద మేత మాన్పించాడు. అక్కడ వట్టివేరు నాటితే అది లోపలికి దిగి మట్టిని పట్టేసింది. వాగుల్లో రాళ్లు దొర్లించి అడ్డం వేస్తే, పరుగెత్తే నీళ్లు కాస్త ఆగి నేలలోకి ఇంకడం మొదలుపెట్టాయి. ఇక మిగిలింది ఏటి పక్క ఇసక మేట వేసిన పెద్ద చేను. దాన్నిండా పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లారు. వేసవి జల్లులకే అది నడుమెత్తు లేచింది.

ఈ వానలకి ఆ చేను పండితేనే పశువులు లోయలో ఉంటాయి. పండకపోతే కొండ దాటి పోతాయి. అవి పోతే గట్టు చూసేవాళ్లుండరు, రాళ్లు సర్దేవాళ్లుండరు, ఏరు మళ్లీ మడుగులైపోతుంది. ఇదంతా మైలన్నకి దిగులు, జంబయ్యకి ఆశ.

తొలకరి దగ్గరపడింది. జంబయ్య చేను గట్టున ఎండు పొదలో నక్కి చూస్తున్నాడు. మైలన్న తన పక్కనున్న కుంటి కోడెతో మాట్లాడుతున్నాడు. జీలుగ పూతకొచ్చిందని, ఇప్పుడు దున్ని మట్టిలో కలిపేస్తే నేలకి అదే పరమాన్నమని చెప్పాడు. కానీ ఇంత చేను దున్నడం తమ ఇద్దరి వల్ల కాదని వాపోయాడు. అడవిపందుల పెద్ద కోరప్పని సాయం అడిగితే, పచ్చటి చేను పెంచి మట్టిపాలు చేయడానికి తామేమీ పిచ్చివాళ్లం కామని పొట్ట పట్టుకుని నవ్వాడట.

"పైగా నేల నిండా తుంగగడ్డలు," అన్నాడు మైలన్న గొంతు తగ్గించి. మరీ తగ్గించలేదు, పొదదాకా వినపడింది. "ఆ పందులకి తెలిస్తే చేను మిగలదు. సరేలే, మన చేతనైనంత చూద్దాం. వాన పడగానే జీలుగ కలుపు. ఒక్క మొక్క నిలబడి ఉండకూడదు."

జంబయ్య పొదలోనే చంకలు గుద్దుకున్నాడు.

మర్నాడే సమావేశం పెట్టాడు. కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, ఏరు తల్లికి దండం పెట్టి అసలు మాటకొచ్చాడు. "జీలుగ కలుపు. ఇది నా మాట కాదు, పెద్దాయన మైలన్న నోటి మాట. కలుపుని ఏం చేస్తాం? పీకేస్తాం."

మేకల పెద్ద గంగవ్వ, కలుపు అంటే కలపమని కాబోలు అని గొణిగింది. భాషలో ఇలాంటి సందేహాలు వస్తాయనే అధ్యక్షుడంటూ ఒకడు ఉండేదని జంబయ్య దయగా చెప్పాడు. అందరూ మైలన్న వైపు చూశారు. ఆయన నెమరు ఆపి, అధ్యక్షులవారు చెప్పాక ఇంకేముంది అన్నాడు. ముసలాడికి చేవ చచ్చిందని జంబయ్య లోపల్లోపల మురిసిపోయాడు.

పీకే పని కోరప్పకి అప్పగించాడు. కూలి కింద చేలోని తుంగగడ్డలన్నీ పందులవేనన్నాడు. తొలి వాన పడి నేల మెత్తబడ్డ పొద్దున పని మొదలైంది. జంబయ్య ఒక్క మొక్క పీకి ప్రారంభోత్సవం చేశాడు. కాళ్లకి బురద అంటుతోందని వెంటనే కొండ మీది గుహకి పోయాడు. పని జరుగుతుంటే చూసే అలవాటు ఆయనకి లేదు. ఇక్కడే పప్పులో కాలేశాడు. పందులు పీకడం ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు.

వానలు పట్టుకున్నాయి. జంబయ్య గుహలో పడుకుని, బోడి చేను కొట్టుకుపోయినట్టు, పశువులు మూటాముల్లె సర్దుకున్నట్టు, మడుగుల్లో చేపలు కిక్కిరిసినట్టు కలలు కన్నాడు. అవీ ఇవీ తిని రెండు నెలలు నెట్టి, వాన తెరిపివ్వగానే దిగొచ్చాడు.

చేను నిండా వరి పచ్చగా ఊగుతోంది. పశువులు ఎక్కడివక్కడే ఉన్నాయి. గుల్లేరు ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా తేటగా పారుతోంది. ఒక్క మడుగు లేదు. చేపలు కళ్లెదురుగానే ఎగురుతున్నాయి, మూతి ముంచితే మాత్రం నీళ్లే తగులుతున్నాయి. జంబయ్యకి నిజంగానే ఏడుపొచ్చింది.

మైలన్న దగ్గరికి వెళ్లి, చేను పీకించాను కదా, ఇదేమిటని అడిగాడు.

"పంది చేత్తో పీకుతుందా జంబయ్యా? గడ్డ కోసం మూతితో చేనంతా తిరగేశాయి. జీలుగ అడుగున పడింది, పైనుంచి బురద తొక్కాయి, చక్కగా కుళ్లింది, దాని మీద మేం వరి చల్లాం. అసలు కలుపు ఆ తుంగే, దాన్నీ తినేశాయి. నేను అడిగితే చేయలేదు, నీ మాట మీద చేశాయి."

జంబయ్య మెల్లగా అడిగాడు. "ఆ రోజు నేను పొదలో ఉన్నానని నీకు తెలుసా?"

"ఎండాకాలం పొద కదా నాయనా. ఆకన్నది లేదు. నీ కండువా ఒక్కటే పచ్చగా కనపడింది."

అంతలో గంగవ్వ పూలదండతో వచ్చింది. చేను బాగుపడ్డది అధ్యక్షుడి ఆజ్ఞ వల్లేనని లోయంతా చెప్పుకుంటున్నారట, సన్మానం పెట్టారట. కోరప్ప అయితే వచ్చే ఏడు కూడా జీలుగ తామే పీకుతామని, మాట తప్పితే ఊరుకోమని కోరలు చూపించి మరీ చెప్పాడు. జంబయ్యని ఏటి గట్టున రాయి ఎక్కించారు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి, ఇక పట్టుకోవలసినవి కూడా అవేనని గుర్తొచ్చింది. వెనక ఒక చేప ఎగిరి నీళ్లలో పడింది. అటు చూడకుండా, దండ సర్దుకుని మొదలుపెట్టాడు.

"ఏరు మన తల్లి..."

నీతి: ఎదుటివాడి మాట వంచి పబ్బం గడుపుకునేవాడు, ఆ మాట తనకి ఎందుకు వినపడిందో కూడా ఒకసారి ఆలోచించుకోవాలి.