నక్క పట్టుకున్న నాలుగు రాళ్లు

వాగు ఒడ్డున ఏటా తొలకరికి ముందు ఏనుగుగారు కొత్త పనితనాల మహాసభ జరిపించేవారు. గూళ్లు, బొరియలు, గట్లు కట్టే కొత్త పద్ధతుల గురించి పెద్దపెద్దవాళ్లు వేదికెక్కి చెబుతారు, మిగతావాళ్లు తలలూపుతారు. కార్యదర్శి నక్క. ఎవరు మాట్లాడాలో, ఎవరు నోరు మూసుకోవాలో అంతా దాని ఇష్టమే.

గిజిగాడికి ఈసారి తలూపే ఓపిక లేదు. వరసగా రెండేళ్లు గాలివానకి గూడు తెగిపడి గుడ్లు పగిలాయి. ఊగిపోయే గూట్లో ఇక గుడ్లు పెట్టనని ఆలి తేల్చి చెప్పేసింది. వానలేమో దగ్గరపడ్డాయి.

గిజిగాడు ఏనుగుగారి దగ్గరికెళ్లాడు. "అయ్యా, మహాసభ పక్కనే తుమ్మచెట్టు కింద మాకో చిన్న కూటం పెట్టుకోనివ్వండి. అక్కడ వేదిక ఉండదు. చెప్పాలన్నా, అడగాలన్నా ఓ రాయి మీద ఆకు పెట్టి కూర్చోవడమే. ఇష్టమైనవాళ్లు చేరతారు, విసుగొస్తే లేచిపోతారు. ఎవరూ ఏమీ అనుకోకూడదు."

"ఆకు పెట్టినవాడే లేచిపోతేనో?"

"వినేవాళ్లు ఒక్కరున్నా కదలకూడదండి."

"బాగుందిరా. నీడ నేనిస్తా, కూటం మీరే నడుపుకోండి," అన్నారాయన. గిజిగాడికి కళ్లు చెమర్చాయి.

నక్కకి మాత్రం ఇది మింగుడుపడలేదు. జనమంతా అటు పోతే వేదిక ముందు ఎవరుంటారు? "బావా, ఎవరేం మాట్లాడతారో తెలీకుండా కూటమేంటి, నవ్విపోతారు! ఏర్పాట్లు నాకొదిలెయ్," అంది. గిజిగాడు నమ్మేశాడు.

తెల్లారి చూస్తే అక్కడున్న నాలుగు రాళ్ల మీదా నక్క ఆకులే.

"ఇదేంటి బావా?"

"నాలుగింటి దగ్గరా నేనే మాట్లాడతా. మిగతావాళ్లకి ఏం తెలుసని?"

పద్ధతి తను పెట్టిందే కాబట్టి గిజిగాడికి ఆకులు తీసెయ్యడానికి చేతులు రాలేదు.

నక్క మొదటి రాయెక్కి తన ముందుచూపు గురించి మొదలెట్టింది. కాసేపటికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చెట్టు కింద ఆ రాళ్లు పోను ఖాళీగా ఉన్నది ఒక్కచోటే, గిజిగాడి పాత గూడు తెగిపడి ఉన్న చోటు. అందరూ దాని చుట్టూ చేరారు.

"ఇదెవరిది?" అడిగింది మట్టితో బుల్లి ఇల్లు కట్టుకునే కుమ్మరిపురుగు.

"నాదే. గాలికి ఆగట్లేదు," అన్నాడు గిజిగాడు సిగ్గు విడిచి.

కుమ్మరిపురుగు లోపలికి దూరి చూసొచ్చింది. "మరీ తేలికగా ఉందబ్బాయ్. గడ్డి పచ్చిగా ఉండగానే లోపల తడిమట్టి ముద్దలు అతికించు. కాస్త బరువుంటే అంత ఊగదు."

"కొమ్మ కూడా మార్చు," అంది ఉడుత. "గాలి కొట్టే వైపు కట్టావు. అవతల వైపు నేను చూపిస్తాగా!"

"వాగు మలుపులో మంచి జిగటమట్టి ఉంది, రా పోదాం," అంది కప్ప.

అటు నక్క దగ్గర మిగిలింది గేదె ఒక్కతే. కళ్లు మూసుకుని తీరిగ్గా నెమరేస్తోంది. నక్క మెల్లగా రాయి దిగబోతే ఏనుగుగారు ఎదురొచ్చారు.

"ఏం కార్యదర్శీ, ఎక్కడికి?"

"గొంతు పోయిందండీ..."

"గేదెమ్మ ఇంకా లేవలేదుగా. కానివ్వు."

గాలివాన రానే వచ్చింది. కొత్త గూడు నిలిచింది. పిల్లల కిచకిచలు విన్నాక గిజిగాడు కుమ్మరిపురుగుకీ, ఉడుతకీ, కప్పకీ, ఏనుగుగారికీ పేరుపేరునా దండం పెట్టాడు. ఆఖరికి నక్క దగ్గరికీ వెళ్లాడు.

"బావా, నీ మేలు కూడా మరిచిపోను. నువ్వు రాళ్లన్నీ పట్టుకోకపోతే వీళ్లంతా తలో చోటా కూర్చునేవారు. నా గూడు ఎవరి కంటా పడేది కాదు."

వెటకారమేమో అని నక్క అతని మొహంలోకి చూసింది. కాదు, నిజంగానే అంటున్నాడు.

అందరి వంతూ తనే లాక్కున్నవాడికి వినేవాళ్లు మిగలరు.