రథం మీద బాడిస జెండా

ఒకానొక రాజ్యాన్ని ఏలే ఉద్దండవర్మకు తన మాటే చట్టమని గట్టి నమ్మకం. దసరా ఊరేగింపు కోసం ఆయన కామోజు అనే వడ్రంగి దగ్గర కొత్త రథం కొన్నాడు. కొంత సొమ్ము బయానాగా ఇచ్చి, మిగతాది మహాలయ అమావాస్యలోగా ఇస్తానని పత్రం మీద ముద్ర వేశాడు. గడువు దాటితే బయానా పోతుందనీ, రథం తిరిగి అమ్మినవాడిదే అవుతుందనీ అందులో రాసుంది.

అమావాస్య వెళ్లిపోయింది, సొమ్ము మాత్రం రాలేదు. రథం పూర్తయ్యాక, దాని కలప బాకీ తీర్చడానికి కామోజు తన పనిముట్లన్నీ షావుకారు దగ్గర కుదువ పెట్టి ఉన్నాడు. దసరా నాటికి విడిపించుకోకపోతే అవి షావుకారు పాలవుతాయి. లబోదిబోమంటూ కోటకు పరుగెత్తాడు.

"పత్రాలు ప్రజలకోయ్! రాజు ఎక్కిన రథం రాజుదే," అని ఉద్దండవర్మ మీసం దువ్వాడు.

పేదవాడి నోరు కొట్టి మీసం దువ్వడం ఏం గొప్పో! ఆస్థాన విదూషకుడు పేరనకు ఒళ్లు మండి, వడ్రంగిని పక్కకు పిలిచాడు.

"పనిముట్లు పోతే నా ఇంట్లో పొయ్యి వెలగదయ్యా. తల తీయించినా సరే, నా సొమ్ము తీసుకునే పోతాను," అన్నాడు కామోజు.

"అయితే నేను చెప్పినట్టు చెయ్యి."

దసరా నాడు పొరుగు రాజులంతా విచ్చేశారు. ఉద్దండవర్మ ఠీవిగా రథం మెట్టు మీద కాలు పెట్టి పైకి చూశాడు. సింహం జెండా ఉండాల్సిన చోట, చెక్క చెక్కే బాడిస బొమ్మతో ఒక జెండా ఎగురుతోంది.

"ఎవడు కట్టాడిది?"

"నేనే ప్రభూ," అన్నాడు పేరన. "రథం మీద యజమాని జెండా కట్టడం మన ఆచారం. పత్రం ప్రకారం ఇప్పుడు యజమాని కామోజే."

"పీకి పారెయ్!"

"చిత్తం. కానీ జెండా లేని రథం ఓడిన రాజుదంటారు. అతిథులు చూస్తున్నారు."

"నా జెండానే కట్టు!"

"కట్టేస్తాను. కానీ వడ్రంగి పత్రం మీద చెల్లని తమ ముద్ర, రేపు సంధి పత్రం మీద చెల్లుతుందని ఈ రాజులు నమ్ముతారా?"

ఉద్దండవర్మ అతిథుల వైపు ఓరగా చూశాడు. పేరన చెప్పినట్టే కామోజు వచ్చి రథం పక్కన నిలబడి ఉన్నాడు. రథచక్రం మీద వేసిన చెయ్యి మాత్రం తీయలేదు.

"సరే, మిగతా సొమ్ము ఇచ్చేయండి," అని రాజు గొణిగాడు.

"మిగతాది కాదు మహారాజా," అన్నాడు కామోజు. "గడువు దాటింది, బయానా పోయింది. మొత్తం ధర ఇప్పించండి."

తను ముద్ర వేసిన షరతే తన మెడకు చుట్టుకుందని రాజుకు అర్థమైంది. తర్వాత ఫక్కున నవ్వి మొత్తం ఇప్పించాడు. కామోజు షావుకారు ఇంటి వైపు పరుగు తీశాడు, రథం మీద సింహం జెండా లేచింది.

"పేరనా! నా ముద్ర పరువు నిలిపావు. రేపు నీకు నూరు వరహాలు ఇప్పిస్తాను," అన్నాడు రాజు.

పేరన చేతులు కట్టుకుని, "మహాప్రసాదం. పత్రం రాయించమంటారా ప్రభూ?" అన్నాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, తన మెడలోని హారం తీసి అక్కడికక్కడే అతని మెడలో వేశాడు.