చలితాత సంచి

రామ్మా, ఇట్ల కూచో. చిన్నోళ్ళను ఆడుకోనీ, వాళ్ళతో పని లేదు. ఈ కథ నీకే.

చలికి ఇంకా పేరు పెట్టని కాలంలో, మా జేజి వాళ్ళ జేజికి పాలపండ్లు ఊడని రోజుల్లో, ఉన్నిదిన్నె అని ఒక ఊరుండె. ఊరంతా గొర్రెలోళ్ళే. మనుషులు పిడికెడు, గొర్రెలు పుట్టెడు.

ఆ ఊర్లో సిద్దప్ప అని ఒక ముసలాయన. ఆయనకు గొర్రె లేదు, పెండ్లాం లేదు, కుడికాలు సరిగా లేదు. కూలికి గొర్రెలు కాసేవాడు. మంద ముందు పోతే, అందరికంటే వెనక కుంటుకుంటా వచ్చేవాడు. దోవ పొడుగునా ముండ్లకంపలు గొర్రెల ఒంటిమీది ఉన్ని పీకి పెట్టుకుంటాయి కదా, ఆ పోగులు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకునేవాడు.

పెద్దకాపరి ఓబన్న నవ్వినాడు. "ఏం సిద్దప్పా, కంపకు పేలు చూస్తాండావా?"

"చేతులు ఊరికే ఉంటే చలేస్తాదప్పా."

గొర్రెలు కాసే అంకమ్మ నవ్వింది. "ఆ పిడికెడు ఉన్నితో ఏం కంబళి నేస్తావు మామా?"

"చేతులు ఊరికే ఉంటే చలేస్తాదమ్మా."

అంకమ్మ కూతురు నింగి మాత్రం నవ్వలా. "చెయ్యి గీసుకుంటాది తాతా, మెల్లిగ," అనింది. సిద్దప్ప ఆ పిల్ల తల నిమిరినాడు.

పుష్యమాసంలో ఆ ఊరికి దొడ్డిపండగ. తెల్లారేసరికి గొర్రెపాలు పొంగిచ్చి గొర్రెల దొడ్డి చుట్టూ చల్లుతారు. ఏటా ఆ పొద్దు కంచె ముండ్లకు తగిలిచ్చి ఉన్ని కుల్లాయిలు కనపడేవి. ఊర్లో ఎంతమంది పిల్లోళ్ళో అన్ని. ఎవరి తల ఎంతో అంత. "కంప కాసింది, చలితాత వచ్చిపోయినాడు," అని పిల్లోళ్ళు ఎగిరేవాళ్ళు. చలితాత పొట్టేలెక్కి వస్తాడంట, గడ్డం నిండా మంచేనంట. చూసినోళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. సిద్దప్పనడిగితే, "నేను వెనకొచ్చేవాణ్ణి, నాకేం కనపడతాది నాయనా," అనేవాడు.

ఒక ఏడు కార్తీకం దాటినాక సిద్దప్ప కన్నుమూసినాడు. మోసుకుపోను గుడిసెలోకి పోయిన పెద్దోళ్ళకు మూలన కదురు కనపడింది. రెండు ఈతముండ్లకు సగం అల్లిన కుల్లాయి వేలాడుతాండె, అరచేతిలో పట్టేంత. అందరికీ తెలిసిపోయింది. వాకిట్లో పిల్లోళ్ళుండారని ఒక్కరూ నోరు మెదపలా.

అది ఎవరి తలకో అంకమ్మ పోల్చుకుంది. ఆ యేడు ఊర్లో పుట్టింది ఆమె చంటోడొక్కడే. నింగి రోజూ తమ్ముని చల్లటి చెవులు పట్టుకోని, "ఏడవద్దురా, పండగకు చలితాత నీకు తెస్తాడు," అని చెప్తాండె. చలితాతా లేడు, గిలితాతా లేడు అని పెద్దపిల్లోళ్ళు ఎక్కిరిస్తే, "తమ్మునికి తెస్తాడు, చూడండి," అని పందెం కూడా కట్టింది. తేకపోతే పిల్ల మనసు ఇరిగిపోతాది. అంకమ్మ ఆ సగం కుల్లాయిని, సిద్దప్ప సంచిని కొంగులో దాచుకుంది.

మర్నాడు మంద కదిలేటప్పుడు, "నాకు కాలు నొప్పి, మీరు ముందు పోండి," అనింది అంకమ్మ.

"నాకూ కాలు నొప్పే," అన్నాడు ఓబన్న.

"నాకు రెండూ నొప్పే," అన్నాడు ఓబన్న తమ్ముడు.

ఇంక చూడు తమాషా. ఊరంతా కుంటుతాంది. వెనకబడి ఉన్ని ఏరుకోవాలని అందరికీ ఆశే, ముందు నడిచేటోడు లేడు. కాలునొప్పి అబద్ధం తనొక్కరిదే అని ఎవరికి వాళ్ళు అనుకుంటాండారు, పాపం. గొర్రెలు దోవలో నిలబడి వెనక్కి తిరిగి చూస్తాండాయి.

పండగ తెల్లారింది. కంచెకు ముల్లు కనపడలా, అన్నీ కుల్లాయిలే. ఒకటి వంకర. ఒకటి గుమ్మడికాయకు తొడగొచ్చు. ఒకదానికి నెత్తిన బొక్క. పిల్లోళ్ళకు తలా మూడొచ్చినాయి, మిగిలినవి పొట్టేళ్ళకు తొడిగినారు. అరచేతంత కుల్లాయి కూడా ఉండె, సగం సన్న అల్లిక, సగం ముతక. నింగి దాన్ని తమ్ముని చెవులమీదికి లాగింది.

"చలితాతకు కన్ను ఆనడంలా, ముసలోడైపోయినాడు," అనింది. "అయినా మరిచిపోలా."

పెద్దోళ్ళు నవ్వినారు. నవ్వుతా నవ్వుతానే కండ్లు తుడుచుకున్నారు.

ఇప్పటికీ మార్గశిరం వస్తే ఆ ఊర్లో, అదే మనూర్లో, పెద్దోళ్ళంతా కుంటుతారు, చూసినావు కదా. ఎందుకని ఎవరూ అడగరు. కాస్త ఎదిగిన పిల్ల, "చలితాత నిజంగా ఉండాడా?" అని అడిగితే, ఉండాడనీ చెప్పరు, లేడనీ చెప్పరు. సిద్దప్ప సంచి, నింగి ఎదిగినాక అంకమ్మ ఆమెకిచ్చింది. చేతులు మారి మారి మా జేజికొచ్చింది. మా జేజి నాకిచ్చింది.

నిన్న నువ్వు నన్నేమడిగినావో గుర్తుందా? ఇంద, పట్టుకో. రేపు నువ్వు వెనక నడువు.